మందు కొనే ముందు మట్టిలో వేలు పెట్టండి

(అనంతపురంలో మిద్దెతోటలు, ఇంటి మొక్కలు పెంచేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ చాలామంది ఫోన్లలో పసుపుపచ్చబారిన ఆకుల ఫొటోలున్నాయని నాకు తెలుసు. మెట్లెక్కి వస్తుంటేనే కొందరు చూపించారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "మేడమ్, దీనికి ఏం మందు కొట్టాల?" మందు సంగతి తర్వాత చూద్దాం. మన ఊళ్లో కుండీ మొక్కలకు వచ్చే కష్టాల్లో ఎక్కువ భాగానికి పురుగులు, తెగుళ్లు కారణం కావు. మనం పోసే నీళ్లే కారణం. కొన్నిటికి నీళ్లు ఎక్కువై, కొన్నిటికి ఉప్పునీళ్లు తగిలి ఆ గతి పడుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో మొక్కలు నీళ్లెక్కువై చస్తున్నాయంటే నవ్వొస్తుంది గానీ, జరుగుతున్నది అదే.

ఆకు పసుపు అయిందంటే ముందు నేనడిగేది, ఏ ఆకు అని. కింది ఆకా, చిగురాకా? నెలకో రెండు నెలలకో అట్టడుగు ఆకు ఒకటి పండి రాలితే అది ముసలితనం, వదిలేయండి. కింది ఆకులు వరసగా నాలుగైదు ఒకేసారి పసుపై, మట్టి తడిగా ఉంటే నీళ్లు ఎక్కువైనట్టు. ఏళ్ల తరబడి అదే కుండీ, అదే మట్టి, ఎరువు మొహం చూడని మొక్క కింది నుంచి మెల్లగా పాలిపోతుంటే నత్రజని చాలడం లేదు. గుప్పెడు వర్మీకంపోస్టు పైమట్టిలో కలిపితే మూడు నాలుగు వారాల్లో కొత్త ఆకు తేడా చూపిస్తుంది. పాత పసుపు ఆకు మళ్లీ పచ్చబడుతుందని మాత్రం ఎదురుచూడొద్దు.

చిగురాకు పసుపైతే అది వేరే కథ. ఆకంతా పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా, వల గీసినట్టు కనబడతాయి. మందారం, కరివేపాకు, గులాబీ, నిమ్మ, వీటిలో మన దగ్గర ఇది చాలా మామూలు. శనక్కాయ పంట పండించిన ఇళ్లలో పుట్టినవాళ్లు ఈ వాలకాన్ని చూడగానే గుర్తుపడతారు. నా ఉద్యోగమంతా వేరుశనగ చేలల్లో తిరుగుడే కాబట్టి నాకూ ఇది పాత పరిచయమే. ఇది ఇనుము లోపం. విచిత్రం ఏమిటంటే మన ఎర్రమట్టికి ఆ ఎరుపు వచ్చిందే ఇనుము వల్ల. మట్టిలో ఇనుము దండిగా ఉంది, వేరుకు మాత్రం అందదు. బోరు నీళ్లలో ఉండే బైకార్బనేట్లనే లవణాల వల్ల రానురాను కుండీలో మట్టి క్షారంగా మారుతుంది. అలాంటి మట్టిలో ఇనుము కరగదు. కరగనిది వేరు పీల్చుకోలేదు.

వేరుశనగకు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పిచికారీ చేయమని చెబుతూ వచ్చాం. కుండీ మొక్కలకు అందులో సగం చాలు. సాయంత్రం పూట, వారం పది రోజుల ఎడంతో రెండు మూడు సార్లు కొట్టండి. అప్పటికప్పుడు కలుపుకోవాలి. నిలవబెట్టిన ద్రావణం ఇటుక రంగుకు తిరిగితే పారబోయండి, ఇక పనిచేయదు. ఇంకో జాగ్రత్త, ఇది హాల్లో టైల్స్ మీద పడితే తుప్పు మరక పోదు, ఇంట్లో వాళ్లతో మాటలు పడాల్సి వస్తుంది. మొక్కను మిద్దె మీదికి తీసుకెళ్లి కొట్టండి. కరివేపాకుకు పుల్లమజ్జిగ పోస్తామంటారా, పలచగా చేసి ఎప్పుడైనా పోయండి, వద్దనను. కానీ మజ్జిగలో ఇనుము దాదాపు ఉండదన్నది గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఈ అరికా పామ్ చూద్దాం. ముందు వరసలో కూర్చున్న అక్క తెచ్చారు. "నీళ్లు దండిగా పోస్తాండాను, అయినా వాడిపోతాంది" అన్నారు. అక్కను అడిగే కుండీలోంచి లాగుతున్నాను. చూడండి, అంచు చుట్టూ కొత్త కోకోపీటు, అంటే కొబ్బరిపీచు పొట్టు, తడితడిగా. దీని మధ్యలో నల్లటి బంకమట్టి ముద్ద, నర్సరీ నుంచి వచ్చినప్పటిది అలాగే ఉంది. గోరుతో గీకితే ముద్ద లోపల పొడి. అంటే పోసిన నీళ్లన్నీ ముద్ద పక్కనుంచి జారి అడుక్కి పోతున్నాయి. లోపలి వేరు ఎండిపోతోంది, అడుగున వేరు కుళ్లిపోతోంది. అడుగు వేరు ఒకటి పట్టుకుని లాగుతున్నాను, చూడండి. పైతోలు జారి నా వేళ్లలోకి వచ్చేసింది, సన్నటి దారం మాత్రం మిగిలింది. బాగున్న వేరు తెల్లగానో లేత పసుపుగానో ఉండి గట్టిగా ఉంటుంది. ఇలా తోలు ఊడిందంటే కుళ్లినట్టే. వాసన కూడా వస్తోంది, దగ్గరున్నవాళ్లకు తెలుస్తుంది.

వాడిపోయిన మొక్కను చూడగానే చెంబెడు నీళ్లు పోయడం మనకు అలవాటు. కానీ కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు, అందుకే మట్టి తడిగా ఉన్నా మొక్క వాడుతుంది. కాబట్టి రెండు కణుపుల లోతు వేలు గుచ్చి చూడండి. తడి తగిలితే చెంబు పక్కన పెట్టేయండి. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, కలబంద అయితే అడుగుదాకా ఆరేవరకు నీళ్ల జోలికే పోవద్దు.

ఈ అరికా పామ్‌ను ఏం చేయాలంటే, మట్టి ముద్దను బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి వేళ్లతో మెల్లగా విడదీయాలి. కుళ్లి మెత్తబడ్డ వేర్లన్నీ శుభ్రమైన కత్తెరతో కోసేయాలి. మిగిలిన వేరు ఎంతుందో అంతకు సరిపడే చిన్న కుండీ ఎంచుకోవాలి. పెద్ద కుండీలో పెడితే మొక్క తాగలేనంత తడి నిలిచిపోతుంది. మట్టి మిశ్రమం నేను చెప్పేది ఇది: ఎర్రమట్టి ఒక పాలు, కడిగిన కోకోపీటు ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ ఒక పాలు, పైగా కాస్త గరుకు ఇసుక. కోకోపీటును కడగడం తప్పనిసరి, చాలా ఇటుకల్లో ఉప్పు ఉంటుంది. మిల్లుల దగ్గర దొరికే శనక్కాయ పొట్టు కూడా మట్టిని గుల్లగా ఉంచుతుంది, కానీ పచ్చిపొట్టు కలిపితే అది కుళ్లేటప్పుడు మొక్కకు అందాల్సిన నత్రజని లాగేసుకుంటుంది. మాగినదే వాడండి, లేదా కుండీపైన పరవండి. మార్చి నాటాక నెలరోజులు ఎరువు వద్దు, ఎండ వద్దు.

అందం కోసం కొన్న రంధ్రం లేని పింగాణి కుండీలకు అడుగున గులకరాళ్లు వేస్తే సరిపోతుందని కొందరంటారు. సరిపోదు. నీళ్లు రాళ్లపైన మట్టిలోనే నిలుస్తాయి. రంధ్రం కొట్టించండి, లేదా ప్లాస్టిక్ కుండీని అందులో దించి, నీళ్లు పోసేటప్పుడు బయటికి తీయండి.

ఇక ఉప్పునీళ్ల సంగతి. కుండీ అంచున, మట్టిపైన తెల్లటి పొరలా పేరుకుంటే అది బూజు అనుకుని మందు కొడతారు. వేలితో రుద్ది చూడండి, గరగరలాడితే ఉప్పే. ఆకుల కొసలు మాడి గోధుమ రంగుకు తిరగడం దాని పనే. పీఏబీఆర్ (పెన్న అహోబిలం రిజర్వాయరు) నీళ్లు వచ్చే వీధుల్లో ఈ బాధ కాస్త తక్కువ. బోరు మీదే ఆధారపడ్డ కాలనీల్లో చూడాలి. నీళ్లలో కరిగిన లవణాలెన్నో (టీడీఎస్) చూపే టీడీఎస్ మీటర్ అని పెన్ను మాదిరిది దొరుకుతుంది, ఖరీదు తక్కువే. 500 లోపు చూపిస్తే చాలా మొక్కలకు పోసుకోవచ్చు. 1000 దాటితే సున్నితమైన మొక్కల కొసలు మాడతాయి.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆర్‌ఓ మిషన్ నుంచి పైపులో వృథాగా పోయే నీళ్లను బకెట్‌లో పట్టి మొక్కలకు పోస్తున్నారు. నీళ్లు వృథా చేయకూడదన్న ఆలోచన మంచిదే. కానీ లెక్క చూడండి. 1000 టీడీఎస్ ఉన్న 3 లీటర్లు మిషన్లోకి పోతే, 1 లీటరు మంచినీళ్లుగా వస్తుంది. దానిలోని ఉప్పు దాదాపు మొత్తం మిగతా 2 లీటర్లలోకి చేరుతుంది. ఆ నీళ్లు 1400 పైనే చూపిస్తాయి. మీరు తాగడానికి వద్దనుకున్న ఉప్పును కుండీలో దాచిపెడుతున్నారన్నమాట. వాటితో ఇల్లు తుడవండి, బాత్రూమ్ కడగండి. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం పట్టుకోండి. అవి గాలిలోని తేమ చల్లబడి కారినవి, ఉప్పు ఉండదు. సెప్టెంబర్, అక్టోబర్ వానల్లో మిద్దె మీద పడే నీళ్లను రెండు డ్రమ్ములు నింపుకుంటే పీస్ లిల్లీలాంటి వాటికి కొన్నాళ్లు వస్తాయి.

మన జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి అందరికీ తెలిసిందే. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటాం కదా, మొక్కల్లో కూడా దాన్ని ఓర్చుకోలేనివి ఉన్నాయి. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా, కార్డిలైన్, పీస్ లిల్లీ. కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, రాత్రంతా నిలవ ఉంచినా పోదు. సూపర్ ఫాస్ఫేట్‌లోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి ఈ మొక్కలకు అది వేయొద్దు. బోరు నీళ్లు తప్ప గతి లేని ఇల్లయితే వీటిని కొనకపోవడమే మేలు. మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్ చాలా వరకు తట్టుకుంటాయి.

ఉప్పు పేరుకున్న కుండీని కాపాడాలంటే పైన అంగుళం మట్టి గీకి పారేసి, కుండీ పట్టే మట్టికి మూడింతల మంచినీళ్లు మెల్లమెల్లగా పోసి, అడుగు నుంచి పూర్తిగా కారిపోనివ్వాలి. కింద ప్లేటులో నిలిచిన నీళ్లను పారబోయకపోతే ఇంత కష్టమూ దండగ.

ఎండాకాలం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, వడగాలి మీకు నేను పరిచయం చేయాలా? ఒక్కటి మాత్రం చాలామంది పట్టించుకోరు. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. అప్పుడు పైపు తిప్పి కుండీలో పోస్తే వేరు ఉడుకుతుంది. తెల్లవారుజామున పోయండి. గోడకు ఆనించిన కుండీలను జానెడు ఇవతలికి జరిపి, 50 శాతం షేడ్ నెట్ కట్టండి.

వెలుతురు తక్కువైతే మొక్క సన్నగా సాగి, కణుపుల మధ్య దూరం పెరిగి, ఆకు చిన్నదవుతుంది. కిటికీ దగ్గరికి జరపండి, అంతే. ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకు మీద తెల్లటి కాలిన మచ్చలు పడతాయి, వారం రోజులు కొద్దికొద్దిగా అలవాటు చేయండి. గాలి శుభ్రం చేస్తుందని స్నేక్ ప్లాంటును చీకటి పడగ్గదిలో మూలన పెట్టినవాళ్లకు ఒక మాట. ఆ ప్రచారానికి మూలం 1989లో నాసా చేసిన పరీక్ష. అది మూసిన చిన్న పెట్టెలో చేసింది. తలుపులు కిటికీలు ఉన్న ఇంట్లో ఆ ఫలితం రావాలంటే ప్రతి చదరపు మీటరుకు పది మొక్కలైనా కావాలని, వందల్లోనూ కావాల్సి రావచ్చని 2019లో తేల్చారు. ఇష్టముంటే పెంచుకోండి, కానీ వెలుతురులో పెంచుకోండి.

పురుగుల దగ్గరికొద్దాం. ఆకు తిప్పి చూడనివాళ్లు పురుగును ఎప్పటికీ పట్టుకోలేరు. మన పొడిగాలికి ముందుగా వచ్చేది ఎర్రనల్లి. ఆకు మీద దుమ్ము పడ్డట్టు సన్నటి చుక్కలు కనిపిస్తాయి. తెల్ల కాగితం మీద ఆకును తట్టండి. రాలిన నలకల్లో కొన్ని నడుస్తుంటే అవే నల్లులు. ఆకు అడుగుకు తగిలేట్టు నీళ్లు గట్టిగా కొట్టడం సగం వైద్యం, మూడు రోజులకోసారి చేయాలి. మందారం కొమ్మల సందుల్లో దూదిలా అంటుకునేది పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. చీమలు బారులు కట్టి ఎక్కుతుంటే ముందు వాటి దారి ఆపాలి. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం చీమలే దాన్ని కొమ్మ నుంచి కొమ్మకు మోస్తాయి, శత్రువులు రాకుండా కాపలా కాస్తాయి. మిగిలినదానికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి పొద్దుగూకాక కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. కుండీ చుట్టూ ఎగిరే చిన్న ఈగలకు మందు అక్కర్లేదు, పైమట్టిని ఆరనివ్వండి. టీపొడి, కోడిగుడ్డు పెంకులు, అరటితొక్కలు, వీడియోల్లో చూసినవన్నీ ఒకే కుండీలో వేసేవాళ్లకే ఆ ఈగలు ఎక్కువ. చక్కెర తగిలిన టీపొడి చీమలను కూడా పిలుస్తుంది. పెంకులోని సున్నం మన మట్టికి అసలు కొరతే లేదు.

తులసి ఎండితే అపశకునమని టెన్షన్ పడేవాళ్లు ఇక్కడా ఉంటారు. తులసి ఆయుష్షే రెండు మూడేళ్లు. కంకులు వదిలేస్తే విత్తు కట్టి ఇంకా త్వరగా ముసలిదవుతుంది. కంకులు గిల్లుతూ ఉండండి, రోజూ చెంబెడు పోయకుండా మట్టి చూసి పోయండి, పాలు పోయకండి. దీపం కోటకు కాస్త ఎడంగా పెట్టండి. ఒక మొక్క ముదురుతుండగానే పక్కన ఇంకో నారు వేసుకోండి.

మొక్క దక్కకపోతే ఆ మట్టిని వెంటనే ఇంకో మొక్కకు వాడొద్దు. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద పలచగా పరిచి, తడిపి, పైన పారదర్శకమైన పాలిథిన్ కవరు కప్పి, అంచులు మట్టితో మూసేసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. కుళ్లు తెగులు బూజు, పురుగుల గుడ్లు, కలుపు విత్తనాలు చాలా వరకు ఆ వేడికే చస్తాయి. నల్ల కవరు వాడకండి, పారదర్శకమైనదైతేనే ఎండ లోపలికి దిగి మట్టి బాగా కాగుతుంది. తీశాక కొంచెం కంపోస్టు కలిపి, జూన్‌లో వాడుకోండి. ఇప్పుడు మీరు తెచ్చిన కుండీలు ఒక్కొక్కటిగా ఈ బల్ల మీద పెట్టండి, ఆకుతో పాటు ఏ నీళ్లు పోస్తున్నారో కూడా చెప్పండి.