ప్రెజర్ ట్రీటెడ్ పైన్ డెక్ కిట్ సమీక్ష: చెక్క మంచిదే, పెట్టెలో రాని డబ్బా సంగతి చెప్పాలి

ప్రేక్షకులందరికీ నమస్కారం. గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు మన ముందున్నది ప్రెజర్ ట్రీట్ చేసిన పైన్ చెక్కతో, పెరట్లో మనమే కట్టించుకోగలిగేలా విడిభాగాలుగా వచ్చే డెక్ కిట్, అంటే చెక్క అరుగు సామాను. అమ్మే సంస్థ దీన్ని నాకు ఉచితంగా పంపింది. డబ్బు ఇవ్వలేదు, వీడియోను ముందుగా వారికి చూపించాలన్న షరతు కూడా పెట్టలేదు. పలకల కొలతలు, ధర, రంగులు మీరు ఇప్పటికే చూసే ఉంటారు కనుక వాటిని మళ్లీ చదవను. కట్టేటప్పుడు మాత్రమే బయటపడిన ఒక విషయం గురించి ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఈ అరుగు ఎన్నేళ్లు నిలుస్తుందన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

ముందు చెక్క సంగతి. ఇది న్యూజిలాండ్ నుంచి వచ్చే రేడియాటా పైన్. స్వతహాగా మెత్తని చెక్క. మందు ఎక్కించకుండా మన ఎర్రనేల మీద పడేస్తే చెదలకు ఒక్క వానాకాలం చాలు. ఆ మెత్తదనమే ఇక్కడ గుణంగా మారుతుంది. చెక్కను ఇనుప సిలిండర్‌లో పేర్చి, మూత బిగించి, ముందుగా లోపలి గాలిని పంపుతో లాగేసి, ఆ తరువాత మందు ద్రావణాన్ని ఒత్తిడితో ఎక్కించే పద్ధతికి 1838లో ఇంగ్లండులో జాన్ బెథెల్ పేటెంటు తీసుకున్నాడు. నేటికీ మూలసూత్రం అదే. చెట్టు నడిమి గట్టి భాగమైన చేవ చుట్టూ ఉండే తెల్లచెక్క ఈ మందును బాగా పీల్చుకుంటుంది, చేవ మాత్రం దాదాపు పీల్చుకోదు. పైన్‌లో తెల్లచెక్క ఎక్కువ కనుక మందు లోతుగా దిగుతుంది. టేకు, గుగ్గిలం వంటివి చేవ బలం మీదే నిలిచే చెక్కలు కనుక, వాటి చేవకు ట్రీట్‌మెంట్ చేయించామని ఎవరైనా అదనంగా డబ్బు అడిగితే ఆలోచించి ఇవ్వండి.

ఇక్కడ ఒక పెద్దమనిషి పేరు తలచుకోకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన సీసీఏ అనే మందు దశాబ్దాల పాటు ప్రపంచమంతటా కరెంటు స్తంభాలకూ కంచె గుంజలకూ ఎక్కింది. దాన్ని 1933లో డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో కనిపెట్టినవారు సొంఠి కామేశం గారు. దానికి ‘ఆస్కు’ అని పేరు పెట్టారు. రాగి బూజును, ఆర్సెనిక్ పురుగును ఆపుతాయి, క్రోమియం ఆ రెండింటినీ వాన నీటికి కొట్టుకుపోకుండా చెక్కకు పట్టి ఉంచుతుంది. చెదలు ఇల్లిల్లూ తినే దేశంలో పుట్టిన ఆలోచన అది, ఎంతో గొప్ప ఆలోచన. ఆర్సెనిక్ భయం వల్ల 2003 చివరి నాటికి అమెరికాలో ఇళ్ల పనులకు సీసీఏ వాడకం చాలావరకు ఆగిపోయింది. ఆస్ట్రేలియా 2006 నుంచి డెక్‌లకూ పిల్లల ఆటస్థలాల పరికరాలకూ దాన్ని నిషేధించింది. ఈ కిట్‌లో వాడినది ఆర్సెనిక్ లేని కాపర్ అజోల్ అనే రాగి మందు. పిల్లలు బోర్లా పడుకుని ఆడుకునే అరుగుకు అదే తగినది. ఈ విషయంలో సంస్థను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

మందు నిజంగా దిగిందో లేదో చూడడానికి ఒకటే మార్గం. పలక చివర చూస్తే లాభం లేదు, చివరల నుంచి మందు ఎలాగూ లోపలికి పాకుతుంది. ఒక పలకను సరిగ్గా నడిమికి కోయించండి. నేను కోయించాను. తెల్లచెక్క అంతా నిండుగా ఆకుపచ్చగా ఉంది. మధ్యలో చేవ ఉన్నచోట మాత్రం లేత పసుపు. మా వడ్రంగి మేస్త్రి గారు ఆ ముక్కను వెలుతురులో పెట్టి చూసి, “బాబూ, మందు లోపలిదాకా ఎక్కిందన్నారు కదా, ఇదేటి నడిమిన పచ్చిగా ఉండిపోయింది?” అని అడిగారు. సరైన ప్రశ్న అది. మనం మాట్లాడుకోవలసినదీ దాని గురించే. అన్నట్టు, మన కలప అడితుల్లో ‘ట్రీటెడ్’ అని అమ్మే సరుకులో కొంత తొట్టిలో ముంచి తీసిన చెక్కే; నడిమికి కోస్తే పైన గీత మందాన రంగు తప్ప లోపల ఏమీ కనబడదు. బోరాక్స్ మందు ఎక్కించిన చెక్క కూడా ఇంటి లోపలి పనికే కానీ, వానలో తడిసే అరుగుకు పనికిరాదు, ఆ ఉప్పు నీటితో కొట్టుకుపోతుంది.

మందు పట్టిన చెక్క అంటే లోపల మందు లేని నడిమి భాగానికి చుట్టూ మందు తొడుగు ఉన్న చెక్క. రంపం పెట్టిన ప్రతిచోటా, బోల్టుకు రంధ్రం వేసిన ప్రతిచోటా, జాయింటుకు గాడి తీసిన ప్రతిచోటా ఆ తొడుగు తెగుతుంది, లోపలి పచ్చిచెక్క బయటపడుతుంది. మన నేలల్లోని చెదలు మందు చెక్కను కొరకకపోవచ్చు కానీ, దాని మీదుగా మట్టి గొట్టం కట్టుకుంటూ ఎంత దూరమైనా ఎక్కగలవు. ఎక్కి, ఆ కోసిన చివర దొరకగానే లోపలికి దూరి, పైన ఆకుపచ్చని తొడుగును అలాగే ఉంచి మధ్య భాగాన్ని ఖాళీ చేస్తాయి. బయటికి గుంజ నిటారుగా కనబడుతూనే ఉంటుంది. తట్టి చూస్తే తప్ప తెలియదు. ఇందుకు విరుగుడు చాలా చిన్నది: కోసిన ప్రతి చివరకూ కాపర్ నాఫ్తనేట్ వంటి రాగి ద్రావణాన్ని కుంచెతో, చెక్క ఇక పీల్చుకోనంత వరకు పట్టించి, ఆరాక మరో పూత వేయాలి. అంతే. మామూలు పెరటి డెక్‌కు ఒక చిన్న డబ్బా సరిపోతుంది.

ఆ డబ్బా ఈ కిట్‌లో లేదు. రంగురంగుల పుస్తకం ఉంది, మెట్ల అంచులకు పెట్టుకోవడానికి సోలార్ దీపాలు ఉన్నాయి, సంస్థ పేరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఉంది, చెదల మీద 25 ఏళ్ల వారంటీ కాగితం ఉంది. ఆ కాగితం వెనుక, చిన్న అక్షరాల్లో, కోసిన ప్రతి చివరకూ సంరక్షక ద్రావణం పూయని పక్షంలో వారంటీ చెల్లదని రాసి ఉంది. నాకు కోపం వచ్చింది, ఇంకా తగ్గలేదు. ఏ పెరడూ కిట్ కొలతకు సరిగ్గా ఉండదు. కోయకుండా ఈ డెక్‌ను ఎవరూ కట్టలేరు. కోస్తే వారంటీ పోతుంది. దాన్ని నిలబెట్టే వస్తువు మాత్రం పెట్టెలో ఉండదు. ఫోను చేసి అడిగితే, మీ ఊళ్లోనే దొరుకుతుందండీ అన్నారు. ఊళ్లో హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగితే కొందరు చెదల మందు చూపించారు, కొందరు వుడ్ ప్రైమర్ చూపించారు, రాగి ద్రావణం ఎవరి దగ్గరా లేదు. చివరికి విశాఖపట్నం నుంచి తెప్పించాను. గుణుపురంలోనో మోహనలోనో ఉన్న ఒక సాధారణ కొనుగోలుదారు దీనికోసం ఇంత తిరుగుతాడా? తిరగడు. పూయకుండానే కట్టేస్తాడు, చెదలు పట్టిననాడు ట్రీటెడ్ చెక్కంతా మోసమని ఊరంతా చెబుతాడు. మంచి వస్తువుకు చెడ్డపేరు వచ్చేది ఇలాగే.

కొన్నవారు దయచేసి ఇంకో సంగతి గుర్తుంచుకోండి. గుంజల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చివరను నేల వైపు, మీరు కోసిన చివరను పైకి ఉంచండి, పైన ద్రావణం పూసి రేకు టోపీ బిగించండి. పునాదికీ గుంజకూ మధ్య ఇనుప షూ, అంటే గుంజ అడుగును పట్టి ఉంచే ఇనుప తొడుగు, పెట్టి, గుంజ మట్టిని తాకకుండా చూడండి. కాంక్రీటు దిమ్మె నేల నుంచి జానెడు పైకి రావాలి, దాని పైభాగం నీరు జారిపోయేలా వాలుగా ఉండాలి. డెక్ కింద మనిషి వంగి చూడగలిగేంత ఖాళీ, 45 సెంటీమీటర్లైనా, వదలండి. అప్పుడే మట్టి గొట్టాలు కనబడతాయి, కనబడినవాటిని గీకి పారేయవచ్చు. ఖాళీ వదిలితే పాములు చేరతాయని చుట్టూ పలకలతో మూయించేవారు ఉన్నారు. మూయకండి, వైరు మెష్ వేయండి. గాలి ఆడని చోట తేమ నిలుస్తుంది, తేమ నిలిచిన చోటికి చెదలు వస్తాయి.

పునాది లోతు గురించి విదేశీ వీడియోలు చూసి చాలామంది కంగారుపడతారు. అక్కడ చలికాలంలో నేలలోని నీరు గడ్డకట్టి పునాదిని పైకి ఎత్తేస్తుంది కనుక అంత లోతు తవ్వుతారు. మనకు ఆ బాధ లేదు, మనకున్నది గాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. మన గజపతి జిల్లాలో ఎన్ని చెట్లు పడ్డాయో చూసినవారికి నేను చెప్పనక్కర్లేదు. కనుక ఇక్కడ దిమ్మె పని మోయడమొక్కటే కాదు, పట్టి ఉంచడం కూడా. 45 సెంటీమీటర్ల ఘనంగా పోసిన కాంక్రీటు దిమ్మె సుమారు 220 కిలోల బరువు ఉంటుంది. ప్రతి గుంజ కిందా అలాంటిది ఒకటి వేసి, షూను బోల్టులతో దానికి కట్టండి. డెక్ మీద రేకుల కప్పు వేసే ఆలోచన ఉంటే ఇంజనీరుతో లెక్క కట్టించకుండా ముందుకు వెళ్లకండి. కప్పు గాలిని పట్టిందంటే ఈ లెక్కలన్నీ మారిపోతాయి.

నాందేడ్, చంద్రపూర్ వైపు నుంచి ఈ ఛానల్ చూసేవారికి ప్రత్యేకంగా ఒక మాట. మీది నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు బెత్తెడు నెర్రెలిచ్చే నేల. లోతైన నల్లరేగడిలో భవనాలకు వేసే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగు దగ్గర ఉబ్బెత్తుగా వెడల్పు చేసిన కాంక్రీటు స్తంభపు పునాదులు, కనీసం 3.5 మీటర్లు దిగాలని భారతీయ ప్రమాణమే చెబుతుంది. డెక్‌కు అంత ఖర్చు పెట్టలేం కాబట్టి, ఎత్తు సర్దుబాటు చేసుకునే స్క్రూ జాక్ షూలు వాడి, డెక్‌ను ఇంటి గోడకు కలపకుండా విడిగా నిలబెట్టండి. వానాకాలం ముందూ వెనుకా మట్టం చూసి తిప్పుకుంటే చాలు. కిట్‌తో వచ్చిన షూలు ఎత్తు మారనివి. మా ఎర్ర గ్రావెల్ నేలకు అవి సరిపోయాయి, మీకు సరిపోవు.

మిగిలినవి త్వరగా చెబుతాను. రాగి మందు మామూలు ఇనుప స్క్రూలను తినేస్తుంది. వీరు స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం స్క్రూలు ఇచ్చారు, పర్లాకిమిడికి, రాయగడకు అది చాలు. గోపాల్‌పూర్, సొనాపూర్ వంటి సముద్రపు గాలి తగిలే చోట ఉప్పుగాలిని ఇంకా బాగా తట్టుకునే 316 రకం అడిగి తీసుకోండి. పలకల మధ్య 5 మిల్లీమీటర్ల సందు వదలండి. ఏప్రిల్‌లో కట్టి సందు లేకుండా బిగిస్తే ఆగస్టులో ఉబ్బి లేస్తాయి. గీతలున్న వైపు పైకి వేస్తే కాలు జారదని అంటారు కానీ, మన వానలకు ఆ గీతల్లోనే నాచు పడుతుంది. నున్నటి వైపే మేలు. మందు పురుగును ఆపుతుంది, ఎండను ఆపదు. ఏటా వానలకు ముందు నీటిని తిప్పికొట్టే పూత ఒకసారి వేయకపోతే పలకలు బూడిదరంగుకు తిరిగి పగుళ్లు తీస్తాయి.

ఇంతకుముందు ఇదే ఛానల్‌లో చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన డబ్ల్యూపీసీ పలకలను సమీక్షించాను. వాటికి చెదలూ పట్టవు, పూతలూ అక్కర్లేదు. కానీ మే నెల మధ్యాహ్నం వాటి మీద వట్టి కాళ్లతో నిలబడలేకపోయాం. మన ఇళ్లలో పెరటి అరుగు మీదికి చెప్పులు వేసుకుని ఎవరు వస్తారు? మా అమ్మ వడియాలు పెట్టడానికి వెళ్లి వెంటనే వెనక్కి వచ్చేసింది. ఈ పైన్ పలకల మీద ఎండలో కూడా కాలు నిలుస్తుంది, సాయంత్రానికి తొందరగా చల్లబడుతుంది. అయితే అమ్మకు చెప్పినట్టే మీకూ చెబుతున్నాను, మందు చెక్క మీద తిండి నేరుగా ఆరబెట్టవద్దు, కింద చాపో బట్టో వేయండి. కోసిన ముక్కలను వేడినీళ్ల పొయ్యిలో పెట్టవద్దు, ఆ పొగా బూడిదా ఒంటికి మంచివి కావు. పాత సీసీఏ ముక్కలైతే బూడిదలో ఆర్సెనిక్ మిగులుతుంది, అది మరీ ప్రమాదం. పనివాళ్లు ముక్కలు ఏరుకుని ఇంటికి తీసుకెళ్లడం మన దగ్గర మామూలే కనుక, వారికి ముందే చెప్పి, ముక్కలన్నీ సంచిలో కట్టించి పక్కన పెట్టించండి.

నా తీర్పు ఇది. చెక్క నాణ్యమైనది, మందు నిజంగా ఎక్కింది, స్క్రూలు మంచివి, మన ఎండకూ వానకూ తగినది. విడి పలకలుగా దొరికితే ఇదే చెక్కను కొనమని ధైర్యంగా చెబుతాను. కిట్‌ను మాత్రం ఇప్పుడున్న రూపంలో కొనమని చెప్పలేను. సోలార్ దీపాలు తీసేసి ఆ స్థానంలో ద్రావణం డబ్బా పెట్టమని, వారంటీలోని ఆ షరతును మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో తెలుగులోనూ ఒడియాలోనూ ముద్రించమని సంస్థకు రాశాను. చూస్తామని జవాబు వచ్చింది. వారు మన ప్రేక్షకుల కోసమని ఒక డిస్కౌంట్ కోడ్ కూడా పంపారు. ఆ డబ్బా పెట్టెలోకి వచ్చేవరకు దాన్ని ఈ వీడియో కింద పెట్టడం లేదు.