ఫుట్‌పాత్‌కు గీసుకున్న అలాయ్ వీల్: పెయింట్ డబ్బా తీసే ముందు

తెరపై: వెనక ఎడమ చక్రం, దగ్గర నుంచి. రిమ్ అంచు చుట్టూ గీతలు, ఒకచోట లోతుగా గాటు.

నమస్కారం అండి. బెజవాడలో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి వెళ్లినా ఇలాంటి చక్రం ఒకటైనా కనిపిస్తుంది. బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల సందుల్లో కారు పక్కకు పెట్టేటప్పుడో, బందరు రోడ్డులో యూటర్న్ తీసుకునేటప్పుడో గర్రుమని ఒక చప్పుడు వస్తుంది. దిగి చూస్తే రిమ్ అంచు చెక్కుకుపోయి ఉంటుంది. కొత్త కారయితే ఆ పూట అన్నం కూడా సహించదు.

దీన్ని బాగుచేయొచ్చు. మామూలు గీతలైతే ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. అయితే ముందు ఒకటి తేల్చుకోవాలి. రిమ్ గీసుకుందా, వంగిందా, పగిలిందా? గీతకు పెయింట్ సరిపోతుంది. పగులు మీద పెయింట్ వేస్తే మాత్రం ప్రమాదాన్ని దాచిపెట్టినట్టే. అందుకే ఈ వీడియోలో పెయింట్ కంటే ఆ పరీక్ష గురించే ఎక్కువ చెబుతాను.

తెరపై: పైనుంచి గీసిన బొమ్మ. కారు మలుపు తిరుగుతోంది. వెనక చక్రం దారి ఎర్ర గీతలో.

ఇలా దెబ్బ తినేది చాలాసార్లు వెనక చక్రమే. మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో నడవవు, ఇంకా లోపలికి జరిగి వస్తాయి. ముందు చక్రం తప్పించుకున్న రాయిని వెనకది ఒరుసుకుంటుంది. ఎడమవైపు సందులోకి తిప్పితే వెనక ఎడమ చక్రం, డివైడర్ చివర యూటర్న్ తీసుకుంటే వెనక కుడి చక్రం. దానికితోడు ఇప్పుడు టైరు గోడ, అంటే రిమ్ అంచు నుంచి నేల వరకు ఉండే టైరు పక్క భాగం, ఎత్తు కూడా తగ్గింది. టైరు పక్కన రాసి ఉండే కొలత చూస్తే, 165/80 ఆర్14 టైరుకు గోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16 టైరుకు 107 మాత్రమే. అంటే రాయికీ రిమ్‌కీ మధ్య అడ్డుపడే రబ్బరు తగ్గిందన్నమాట.

తెరపై: విప్పిన చక్రం నేల మీద. చేయి లోపలి అంచు వెంట కదులుతోంది.

చక్రం విప్పండి. విప్పకుండా చూస్తే సగమే చూసినట్టు. బయటి గీతలు కంటికి కనిపిస్తాయి, పగుళ్లు ఎక్కువగా లోపలి అంచున ఉంటాయి. సబ్బు నీళ్లతో రెండు వైపులా కడిగి, ఆరాక ఎండలో పెట్టి చూడండి. వెంట్రుక లాంటి నల్లటి గీత ఎక్కడైనా ఉందా? చక్రం పుల్లలు, అంటే స్పోక్‌లు, రిమ్‌కు కలిసే మూలల్లో, లోపలి అంచు చుట్టూ ఓపిగ్గా వెతకండి. కాస్త దూది తీసుకుని అంచు వెంట జరిపితే, పగులు ఉన్నచోట దాని పోగులు పట్టుకుంటాయి. టైరు రిమ్‌కు ఆనుకునే చోట సబ్బు నురగ రాయండి. బుడగలు వస్తే గాలి పోతున్నట్టు.

వంపు తెలియాలంటే చక్రాన్ని మళ్లీ బిగించి, కారును జాకీ మీద లేపి, కింద స్టాండ్ పెట్టండి. రిమ్ అంచుకు దగ్గరగా ఒక కర్రముక్క కదలకుండా పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పండి. కర్రముక్కకూ రిమ్‌కూ మధ్య సందు ఒకేలా ఉంటే మంచిదే. దగ్గరవుతూ దూరమవుతూ ఉంటే రిమ్ వంగింది.

టైరును మరచిపోవద్దండి. గట్టిగా తగిలినప్పుడు టైరు గోడ లోపలి దారాలు తెగిపోతాయి, అక్కడ బుడగలా ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు ప్యాచ్ లేదు, రిపేరు లేదు. టైరు మార్చాల్సిందే. దెబ్బ తర్వాత స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంటే అలైన్‌మెంట్ కూడా చూపించండి.

తెరపై: స్పోక్ రిమ్‌కు కలిసే మూలలో పగులు, ఎర్ర వలయం.

ఇక పగులు సంగతి. ఇనుప రిమ్ వంగితే సుత్తితో కొట్టి సరిచేసే అలవాటు మనకు ఎప్పటినుంచో ఉంది. అలాయ్ రిమ్‌కు అది పనికిరాదు. కార్ల కంపెనీలు ఎక్కువగా వాడేది అల్యూమినియంలో సుమారు 7 శాతం సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిపి పోతపోసిన లోహం. దాన్ని కొలిమిలో దాదాపు 540 డిగ్రీల వరకు వేడిచేసి, చల్లార్చి, మళ్లీ సుమారు 150 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. దాని బలమంతా ఆ వేడి లెక్కలోనే ఉంది. మంట పెట్టి వంపు తీసినా, పగులుకు వెల్డింగ్ చేసినా ఆ చోట లెక్క తప్పుతుంది, లోహం మెత్తబడుతుంది. చూడ్డానికి మాత్రం తేడా ఉండదు.

"వెల్డింగ్ చేసి పెయింట్ వేసేస్తాం సార్, ఎవరికీ తెలీదు" అనే మాట మీరూ వినే ఉంటారు. తెలియకపోవడమే నా భయం. గుంటూరు వైపు హైవే మీద, కారులో పిల్లాజెల్లా ఉండగా ఆ రిమ్ విడిపోతే? పగిలిన అలాయ్‌ను పక్కన పడేయండి. ఒక్క రిమ్ కొనడం ఖర్చే, కానీ ఆ ఖర్చు పెట్టాల్సిందే.

మన ఆటోనగర్‌లో చేయి తిరిగిన పనివాళ్లకు కొదవలేదు. వంగిన రిమ్ తీసుకెళ్తే "మంట పెడతారా, మెషీన్ మీద నొక్కుతారా?" అని ముందే అడగండి. మంట అంటే వెనక్కి తెచ్చేయండి. పౌడర్ కోటింగ్, అంటే రంగు పొడి చల్లి వేడిలో కరిగించి పట్టించే పూత, చేయించాలంటే కూడా అడగండి: అవెన్ వేడి ఎంత, ఎంతసేపు? మామూలుగా 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు చాలు.

తెరపై: రెండు రిమ్‌లు పక్కపక్కన. ఒకటి మొత్తం సిల్వర్ పెయింట్, రెండోది డైమండ్ కట్.

మీది డైమండ్ కట్ రిమ్ అయితే ఇంట్లో ప్రయత్నించకండి. మెరిసే భాగాన్ని దగ్గర్నుంచి చూస్తే సన్నటి వలయాలు కనిపిస్తాయి, అవి లేత్ మీద కోసిన గీతలు. సిల్వర్ పెయింట్ ఎంత బాగా వేసినా ఆ మెరుపు రాదు. మళ్లీ లేత్ ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిసారీ కొంత లోహం తగ్గుతుంది కాబట్టి అస్తమానం కోయించకూడదు. ఒకసారి కోయించిన రిమ్‌కే మళ్లీ దెబ్బ తగిలితే మొత్తం పెయింట్ వేయించుకోవడమే నయమని నా అభిప్రాయం.

తెరపై: టైరుకూ రిమ్‌కూ మధ్య పాత పేక ముక్కలు వరసగా దోపిన దృశ్యం.

గీతలే అయితే పని మొదలుపెడదాం. టైరు గాలి కాస్త తగ్గించి, చుట్టూ పేక ముక్కలు దోపండి. పెయింట్ టైరుకు అంటదు. రిమ్ మీద గ్రీజు, పాలిష్ లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గాటు అంచులను 180 నంబరు ఎమరీ పేపర్‌తో నున్నగా చేసి, తర్వాత 240, ఆపైన 400 వాడండి. లోతైన గాటుంటే మెటల్ పుట్టీ పలచగా నింపి, గట్టిపడ్డాక మళ్లీ రుద్దండి. మాస్క్ తప్పనిసరి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. లోహం బయటపడగానే గాలి తగిలి దాని మీద ఆక్సైడ్ పొర వస్తుంది. అందుకే రుద్దాక మళ్లీ తుడిచి, ఆలస్యం చేయకుండా అల్యూమినియంకు పనికొచ్చే ప్రైమర్ కొట్టాలి. ప్రైమర్ లేకుండా వేసిన రంగు చెమ్మ గోడకు సున్నం వేసినట్టే, పొరలుగా లేచిపోతుంది. తర్వాత లోపలికి తడి చేరి, పైన వేసే పారదర్శక పూత లక్కర్ కింద తెల్లటి పురుగు పాకినట్టు తుప్పు వ్యాపిస్తుంది.

ప్రైమర్ ఆరాక 800 నంబరు వాటర్ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, రంగు రెండు మూడు పలచటి కోట్లు, ఆపైన క్లియర్ లక్కర్ వేయండి. ఒకేసారి చిక్కగా కొడితే కారిపోతుంది. మన ఊరి మే నెల మధ్యాహ్నం ఈ పనికి పనికిరాదు, రంగు రిమ్ మీద పడేలోపే ఆరి గరుకుగా మారుతుంది. వానాకాలపు తేమకు లక్కర్ తెల్లబారుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మంచు విడిచాక ఉదయం పూట బాగా కుదురుతుంది. రెండు భాగాలు కలిపే టూకే లక్కర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, దాన్ని మామూలు మాస్క్‌తో ఇంట్లో కొట్టకండి. షాపులో వేయించండి.

ఒక జాగ్రత్త. రిమ్ హబ్‌కు, అంటే కారుకు చక్రం బిగించే మధ్య భాగానికి, ఆనుకునే చోట, నట్లు కూర్చునే గుంటల్లో పెయింట్ పడకూడదు. ఆ పొర నలిగితే బిగువు తగ్గి నట్లు వదులవుతాయి. నట్లను ఎదురెదురుగా బిగిస్తూ రండి. ఎంత బిగించాలో మీ కారు పుస్తకంలో ఉంటుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూడండి. టైరు విప్పి ఎక్కించినా, పుట్టీ పెట్టినా బ్యాలెన్సింగ్ చేయించండి.

తెరపై: ఎడమ అద్దం కిందికి వంచితే అందులో వెనక చక్రం, ఫుట్‌పాత్ రాయి.

ఇక మళ్లీ గీసుకోకుండా. పార్కింగ్ చేసేటప్పుడు ఎడమ అద్దం కిందికి వంచితే వెనక చక్రం కనిపిస్తుంది, దీనికి పైసా ఖర్చు లేదు. టైర్లు మార్చే రోజు వస్తే గోడ మీద రిమ్‌ను కాపాడే రబ్బరు గట్టు ఉన్నవి అడగండి. అలాంటి టైర్ల మీద కొలత పక్కన ఎఫ్‌ఆర్, ఎంఎఫ్‌ఎస్ లాంటి అక్షరాలుంటాయి. అంటించే ప్లాస్టిక్ పట్టీలు చిన్న రాపిడికి పనిచేస్తాయి, గట్టి దెబ్బకు ఊడొస్తాయి. వాటర్ సర్వీసింగ్‌కు ఇస్తే చక్రాలకు యాసిడ్ కొట్టొద్దని ముందే చెప్పండి. బ్రేకులు వేడిగా ఉండగా నీళ్లు పోయనివ్వకండి. కారు షాంపూ, మెత్తటి బ్రష్ చాలు.