రాత్రి రెండింటికి వచ్చిన ఫోన్

యాంకర్: నమస్కారం. ఈ రోజు మనతో ఉన్నది సైకియాట్రిస్టు గారు. అంశం ఎండీఎంఏ. పార్టీల్లో వేసుకునే మత్తుమాత్ర, ఎక్స్‌టసీ అంటారే, అదే. మొదటి కాల్ కూకట్‌పల్లి నుంచి. అమ్మా, పేర్లేవీ వద్దు, విషయం చెప్పండి.

కూకట్‌పల్లి కాలర్: నమస్తే బాబూ. మా అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచి నాతో అన్నీ ముక్తసరి మాటలే. తిన్నావా అంటే తిన్నా, అంతే. మొన్న శనివారం రాత్రి రెండింటికి ఫోన్ చేశాడు. గుండె ఆగినంత పనైంది. "అమ్మా, నువ్వంటే నాకెంత ఇష్టమో నీకు తెలీదు" అని ఏడ్చాడు. గంటసేపు మాట్లాడాడు. నాన్న చెప్పులు తన గదిలోనే దాచుకున్నాడట, అదీ చెప్పాడు. నా కడుపు నిండిపోయింది. మంగళవారం నేను చేస్తే ఎత్తలేదు. ఆ రాత్రి ఈ మాత్ర వేసుకున్నాడని తర్వాత వాడి రూమ్మేట్ చెప్పాడు. నేనడిగేది ఒక్కటే. ఆ మాటలన్నది నా కొడుకా, ఆ మాత్రా?

డాక్టర్: ముందు మాత్ర సంగతి చెప్తానమ్మా. మెదడులో సెరొటోనిన్ అని ఒక రసాయనం ఉంటుంది. కొంచెం కొంచెంగా బయటికొచ్చి, మళ్ళీ కణాల్లోకి వెళ్ళిపోతుంది. ఎండీఎంఏ ఆ వెనక్కి వెళ్ళే దారినే తిప్పేసి, ఉన్న నిల్వలో చాలామటుకు ఒక్కసారి కుమ్మరించేస్తుంది. తల్లి పాలిచ్చేటప్పుడు ఊరే ఆక్సిటోసిన్ కూడా పెరుగుతుంది. భయం తగ్గుతుంది. ఎదుటివాళ్ళ ముఖంలో కోపం కూడా సరిగా కనిపించదు. అందుకే అప్పుడు ఎవరినైనా నమ్మేస్తారు. అది ప్రమాదమే.

2018లో అమెరికాలో ఆక్టోపస్‌లకి ఈ మందు ఇచ్చి చూశారు. మామూలుగా అవి ఒంటరి జీవులు, తోటి ఆక్టోపస్ గిట్టదు. మందు కలిపిన నీళ్ళలో ఉంచాక, పక్క బుట్టలోని దాని దగ్గరికెళ్ళి బుట్టనే కావలించుకున్నాయి.

యాంకర్: ఎనిమిది చేతులతోనా!

డాక్టర్: అన్నీ వేసిందో లేదో నేను లెక్కపెట్టలేదు లెండి. చెప్పేదేమిటంటే, పక్కన ఎవరుంటే వాళ్ళ మీద ఆపేక్ష పుట్టించే మందు ఇది. మరి మీవాడి పక్కన ఆ రాత్రి స్నేహితులున్నారు. వాళ్ళను వదిలి ఫోన్ తీసి మీకు చేశాడు. నాన్న చెప్పులు దాచింది మాత్ర కాదు కదమ్మా.

కాలర్: (మౌనం) మరి మంగళవారం?

డాక్టర్: నిల్వ ఖాళీ అయితే రెండు మూడు రోజులకి దిగులు పడుతుందంటారు. అయితే ఆసుపత్రి పర్యవేక్షణలో ఇచ్చినప్పుడు ఆ దిగులు అంతగా కనపడలేదు. నిద్ర లేకపోవడం, తాగుడు, రాత్రంతా గంతులు, వీటి పాలూ ఉంది. పైగా సిగ్గు. గుండె విప్పేశానే అని.

మాత్ర మాత్రం మంచిది కాదు. కిక్కిరిసిన హాల్లో డాన్సు చేస్తుంటే ఒళ్ళు కాలిపోయి ప్రాణం మీదికి రావచ్చు. దాహమని బిందెలకొద్దీ నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. కొన్నది నిజంగా ఎండీఎంఏ అవునో కాదో అమ్మినవాడికే తెలియదు. పోలీసు కేసు సరేసరి. మీరు మాత్రం తిట్టకండి, "మాత్ర వేసుకుని ఏడ్చావు" అని ఎత్తిపొడవకండి. బెంగళూరు వెళ్ళి ఒక పూట వాడితో కూర్చోండి. ఆ చెప్పులు చూపించమని అడగండి. మాత్ర మానలేకపోతుంటే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి చేయమనండి.

యాంకర్: తర్వాతి కాల్ మెల్‌బోర్న్ నుంచి.

మెల్‌బోర్న్ కాలర్: నమస్తే సర్. మావారు ట్రక్కు నడిపేవారు. మూడేళ్ళ క్రితం యాక్సిడెంట్‌లో ఒక కుర్రాడు పోయాడు, తప్పు మావారిది కాదు. పీటీఎస్‌డీ అన్నారు, అంటే పెద్ద దెబ్బ తగిలాక మనసును వదలని భయం. దానికి సెర్‌ట్రలీన్ అనే డిప్రెషన్ మాత్ర వాడుతున్నారు. ఇక్కడ ఈ మందుతో చికిత్స ఉందని విన్నాం.

డాక్టర్: ఉంది. 2023 జులై నుంచి, అనుమతి ఉన్న సైకియాట్రిస్టులు మాత్రమే ఇవ్వచ్చు. ఖర్చు వేల డాలర్లలో. అమెరికాలో 2023లో వచ్చిన ట్రయల్‌లో మందు, థెరపీ రెండూ అందినవాళ్ళలో నూటికి 71 మందికి లక్షణాలు పీటీఎస్‌డీ అనదగ్గ హద్దు దిగువకి వచ్చాయి. ఉత్తుత్తి మాత్రతో అదే థెరపీ తీసుకున్నవాళ్ళలో 48 మందికి. ఈ 48 చూడండమ్మా. మందు లేకుండానే అంతమంది. పైగా ఎవరికి అసలు మందు పడిందో వాళ్ళకే తెలిసిపోతుంది, ఒళ్ళు చెప్పేస్తుంది. 2024 ఆగస్టులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు, ఇంకో ట్రయల్ చేయమంది. అంతకు ముందు కెనడాలో ఒక ట్రయల్‌లో థెరపిస్టులే రోగి పట్ల హద్దు మీరారు. ఎవరినైనా నమ్మేస్తారన్నానే, అదీ ప్రమాదం.

సెర్‌ట్రలీన్ ఆయన సొంతంగా ఆపకూడదు. అది ఉంటే ఎండీఎంఏ సరిగా పనిచేయదు, నిజమే. కానీ తగ్గించడం డాక్టర్ చేతుల్లో ఉండాలి. బీపీ, గుండె కూడా చూడాలి. భయపెట్టే జ్ఞాపకాన్ని మెల్లగా ఎదుర్కోనిచ్చే ఎక్స్‌పోజర్ థెరపీ, కళ్ళు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకంతో పనిచేసే ఈఎండీఆర్, ఇవి చేయించారా?

కాలర్: ఒకసారి వెళ్ళి మానేశారు. ఆయన పక్కనే ఉన్నారు, ఇస్తున్నా.

మగ గొంతు: సర్... ఆ మందిచ్చి ఎనిమిది గంటలు ఉంచుతారట, అంతసేపూ ఆ యాక్సిడెంటే గుర్తుచేసుకోవాలా?

డాక్టర్: లేదండీ. ఎక్కువసేపు కళ్ళకి గంత కట్టుకుని సంగీతం వింటూ పడుకుంటారు. మాట వచ్చినప్పుడు చెప్తారు. ఆ మందు లేని థెరపీలో కూడా మీ వేగంతోనే నడుస్తారు. మొదటిసారి ఎందుకు మానేశారు?

మగ గొంతు: ఇంగ్లీషులో చెప్పాలి కదా సర్. ఆ కుర్రాడు కల్లోకొచ్చి నాతో తెలుగులోనే మాట్లాడతాడు.

డాక్టర్: ...అయితే ముందు ఆ సంగతే చూద్దాం. 131 450కి చేసి తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలని అడగండి. రాసుకున్నారా?

మగ గొంతు: ఆఁ, రాసుకుంటోంది సర్.