షట్టర్ లేకపోతే సభ్యుడు కాదా?

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: యాంకర్, హోల్‌సేల్ వర్తక సంఘం మాజీ కార్యదర్శి, ఆన్‌లైన్‌లో అమ్మకాలు చేసే యువ వ్యాపారి, వర్తక సంఘాల లెక్కలు చూసే ఆడిటర్. మాట మీద మాట పడ్డచోట అలాగే ఉంచాం.)

యాంకర్: నమస్కారం. నగరంలోని ఓ హోల్‌సేల్ బజారు సంఘం తీర్మానం చేసింది. దుకాణం లేకుండా ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు చందా కట్టొచ్చట, ఓటు మాత్రం వేయకూడదట. ఆ కాగితం రెండు రోజులుగా వాట్సాప్‌లో తిరుగుతోంది. ఇరుపక్షాలకూ సమానంగా సమయమిస్తాం. సూటిగా మొదలుపెడదాం. అరవై దాటినవాళ్లు సంఘం కుర్చీలు దిగాలా, వద్దా?

మాజీ కార్యదర్శి: వయసు ముచ్చట ఎవరు తీసిన్రండీ? తీర్మానంల వయసు అన్న మాటే లేదు.

యాంకర్: అంటే దిగరు?

మాజీ కార్యదర్శి: జర వినుండ్రి. ఇది ఉద్దెర మీద నడిచే బజారు. బేగంబజార్ల గానీ, ఉస్మాన్‌గంజ్‌ల గానీ జిల్లాల నుంచి వచ్చే దుకాణదారు సరుకు తీస్కపోయి తర్వాత కడతడు. కట్టకపోతే? కోర్టుకు పోతే ఏండ్లు పడతది. సంఘం కాడికొస్తే రెండు పార్టీల ఖాతాలు ముందల పెట్టి బిల్లు, లారీ రసీదు, చెక్కు మూడూ సరిచూసి వాయిదాలు కట్టిస్తం. మాట వినకపోతే బజారంత సరుకు బంద్. గా మాట ఎందుకు చెల్లుతది? అందరికీ షట్టర్ ఉన్నది గనుక. షట్టర్ ఎత్తుకొని ఎవడూ పారిపోడు. ఫోన్‌లనే దుకాణం నడిపేటోడు రేపు సిమ్ మారిస్తే ఎక్కడ పట్టుకోవాలె?

యువ వ్యాపారి: సిమ్ మారుతుంది సార్, జీఎస్టీ నంబర్ మారదు కదా. షట్టర్ బదులు...

మాజీ కార్యదర్శి: నంబర్ రద్దు చేస్కుంటరు బిడ్డా, గది గూడ చూసినం.

యువ వ్యాపారి: షట్టర్ కూడా ఖాళీ చేస్తారు సార్. అద్దె దుకాణమే కదా ఎక్కువమందిది.

ఆడిటర్: ఒక్క నిమిషం. ‘సరుకు బంద్’ అని ఇక్కడ తేలిగ్గా అనేశారు. సంఘం అలా తీర్మానం రాసుకుంటే పోటీని దెబ్బతీసే ఒప్పందాలను నిషేధించే పోటీ చట్టం, 2002లోని సెక్షన్ 3 కిందికి వచ్చే ప్రమాదం ఉంది. ఔషధ వర్తక సంఘాలకు ఇలాంటి బహిష్కరణల మీదే కాంపిటిషన్ కమిషన్ జరిమానాలు వేసింది. మధ్యవర్తిత్వం చేయండి, ఇద్దరి సంతకాలతో ఒప్పందం రాయించండి. బంద్ మాత్రం సమావేశం మినిట్స్‌లోకి ఎక్కనీయకండి.

మాజీ కార్యదర్శి: రాసుడెందుకు? చెప్తే చాలు.

ఆడిటర్: చెప్పినా అంతేనండీ, చట్టానికి నోటిమాట కూడా ఒప్పందమే. వాట్సాప్ గ్రూపులో పెడితే రాసినట్టే లెక్క.

యాంకర్: యువత టీ-హబ్‌కి పోతోంది, సంఘానికి రావట్లేదు. పెద్దలు కుర్చీలు వదలకపోవడమే కారణమా?

యువ వ్యాపారి: టీ-హబ్ స్టార్టప్‌ల కోసం. ఇంట్లోంచి రోజుకు నలభై పార్సిళ్లు పంపే మనిషికి కావలసింది అది కాదు. ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్మిన చీర వెనక్కొస్తుంది, ప్యాకెట్‌లో పాత గుడ్డ ఉంటుంది. పార్సిల్ లేబుల్ కనపడేలా, మధ్యలో ఆపకుండా వీడియో తీస్తూ ప్యాకెట్ విప్పాలి. గడువులోపు క్లెయిమ్ వేయాలి. ఆ గడువు ఒక్కో ప్లాట్‌ఫామ్‌లో ఒక్కోలా ఉంటుంది. క్లెయిమ్ తిరస్కరిస్తే ఒంటరి సెల్లర్‌కి జవాబిచ్చేవాళ్లుండరు. వందమంది పేర్లతో ఒక్క లేఖ వెళితే కథ వేరు. ఆ లేఖ రాసే సంఘం...

మాజీ కార్యదర్శి: సంఘం లేఖలు రాసే దుకాణం కాదు బిడ్డా! లారీలు పొద్దున గల్లీలకొస్తే చలాన్లు, రాత్రొస్తే దింపేటందుకు హమాలీలు ఉండరు. ట్రాలీ ఆటోకు నిలబడే జాగ లేదు. ఈ పని...

యువ వ్యాపారి: నన్ను బిడ్డా అంటూనే ఓటు లేదంటున్నారు.

మాజీ కార్యదర్శి: ఈ పని ఎవరు చేస్తరు? ట్రాఫిక్ డీసీపీ దగ్గరికి, జీహెచ్ఎంసీ సర్కిల్ ఆఫీసుకు పొద్దుగాల పోయి కూసునేది ఎవరు?

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

యాంకర్: ఆడిటర్ గారూ, మీరు చెప్పండి. వయోపరిమితి పెడితే తప్పేంటి?

ఆడిటర్: వయసు నా సబ్జెక్టు కాదండీ, బైలాస్, అంటే సంఘం నియమావళి, నా సబ్జెక్టు. ఈ సంఘాల్లో ఎక్కువ భాగం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవే. బైలాస్‌లో సభ్యుడంటే ‘ఫలానా బజారులో దుకాణం గలవాడు’ అని ఉంటే, కమిటీ రేపు మనసు మార్చుకున్నా ఓటు రాదు. ముందు ఆ వాక్యం మార్చాలి. సర్వసభ్య సమావేశానికి నోటీసు, కోరం, ప్రత్యేక తీర్మానం, రిజిస్ట్రార్ దగ్గర దాఖలు, ఈ వరుసలో. నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లుతుందని బైలాస్‌లో లేకపోతే, ఓడినవాళ్లు ఆ చట్టంలో సంఘం వివాదాల గురించి చెప్పే సెక్షన్ 23 పట్టుకుని జిల్లా కోర్టుకు వెళతారు.

యాంకర్: అంటే పెద్దవాళ్లే అడ్డం?

ఆడిటర్: నేనలా అనలేదు. ఎన్నికయ్యాక ఇంకో చిక్కుంది. సమావేశం జరగాల్సిన తేదీ నుంచి 15 రోజుల్లో కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కు చేరాలి. అది చేరకపోతే బ్యాంకు కొత్త సంతకాలు ఒప్పుకోదు. పాత కోశాధికారి అలిగి ఊరెళ్తే ఖాతా కదలదు. ఈలోగా చందాలు ఎవరో ఒకరి సొంత యూపీఐలో పడుతుంటాయి. క్యూఆర్ తప్పనిసరిగా సంఘం పాన్ మీద తీసిన కరెంట్ ఖాతాదై ఉండాలి. పదవి పోయినా గోడ మీద క్యూఆర్ స్టిక్కర్ పోదు, అదే బాధ.

మాజీ కార్యదర్శి: (నవ్వుతూ) గది నిజం.

యువ వ్యాపారి: ఓటింగ్ కూడా ఫోన్‌లో పెడితే...

మాజీ కార్యదర్శి: పెట్టుండ్రి! రిజిస్టర్ల ఉన్న నంబర్ గుమస్తాది. ఓటీపీ గుమస్తాకు పోతది, గప్పుడు ఓటెవరిది? ముగ్గురు అన్నదమ్ముల ఫర్మ్‌కు ఓటు ఒకటా, మూడా? చచ్చిపోయినోళ్ల పేర్లు ఇంకా లిస్టుల ఉన్నయ్.

యువ వ్యాపారి: ఆ లిస్టు ఉంచింది ఎవరు సార్?

(నిశ్శబ్దం)

ఆడిటర్: ఆ ప్రశ్న న్యాయమే. ముందు జాబితా కడగాలి. ఒక జీఎస్టీ నంబర్‌కు ఒక ఓటు, ఫర్మ్ లెటర్‌హెడ్ మీద ప్రతినిధి పేరు, ఆయన సొంత ఫోన్ నంబర్. ఎన్నికకు నెల ముందు జాబితా గోడకు అంటించి అభ్యంతరాలు తీసుకోవాలి. టర్నోవర్ 20 లక్షలు దాటక జీఎస్టీ తీసుకోనివాళ్లకు ఉద్యం నంబర్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు సంఖ్య, చాలు.

యువ వ్యాపారి: ఉద్యం ఉంటే సరుకు కొన్నవాళ్ల నుంచి 45 రోజుల్లో డబ్బులు రావాలన్న నిబంధన కూడా మాకు...

ఆడిటర్: రాదమ్మా. చాలామంది పొరబడేది ఇక్కడే. 2021 జులైలో చిల్లర, టోకు వర్తకుల్ని ఉద్యంలో చేర్చుకున్నది బ్యాంకు రుణాల ప్రాధాన్యం కోసం మాత్రమే. ఆలస్యపు చెల్లింపుల రక్షణ తయారీదారులకు, సేవలందించేవాళ్లకు. కొని అమ్మేవాళ్లకు లేదు.

మాజీ కార్యదర్శి: చూసిన్రా! చట్టం కాపాడదు. గందుకే సంఘం!

ఆడిటర్: ఇంకొకటి. మార్కెట్‌ప్లేస్‌లు మీ అమ్మకం సొమ్ములోంచి జీఎస్టీ టీసీఎస్ అనే పన్ను 0.5 శాతం ముందే పట్టుకుంటాయి, 2024 జులై 10 నుంచి ఆ రేటు. పోర్టల్‌లోకి వెళ్లి ఆ క్రెడిట్‌ని ‘యాక్సెప్ట్’ చేసి దాఖలు చేస్తేనే అది పోర్టల్‌లోని మీ పన్ను ఖాతాలో, అంటే క్యాష్ లెడ్జర్‌లో, పడుతుంది. చేయకపోతే అక్కడే పడి ఉంటుంది. సంఘం ఆఫీసులో నెలకొక రోజు, ఒక గుమస్తా, ఒక కంప్యూటర్ పెట్టండి, యువత దానంతటదే వస్తుంది.

యాంకర్: కానీ అరవై ఏళ్లాయనకు పోర్టల్ వచ్చా?

మాజీ కార్యదర్శి: నాకు రాదు, నా గుమస్తాకొస్తది. పాతికేండ్లోనికి లారీ యూనియన్‌తోటి మాట్లాడొస్తదా?

యువ వ్యాపారి: రెండూ రావాలి కదా సార్. లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. ఆ గుర్తు వేసుకుని ఆన్‌లైన్‌లో అమ్మాలంటే తయారీదారులు ఒక్కొక్కరూ అధీకృత వాడకందారుగా నమోదు కావాలి. కాగితాలు కూడగట్టి అందరి దరఖాస్తులు ఒకేసారి వేయించడం సంఘం పనే...

మాజీ కార్యదర్శి: గాజులు మంచిగనే ఉన్నయ్. పది నిమిషాల డెలివరీ వాళ్ల గోదాములు గల్లీగల్లీకి వస్తున్నయ్, దాని సంగతేంది? కిరాణా దుకాణం మూస్తే హోల్‌సేల్ ఎవరు కొంటరు? ఇయాల ఓటు ఇస్తే రేపు గా కంపెనీలే సభ్యత్వం అడుగుతయ్. వాళ్లకూ జీఎస్టీ నంబర్ ఉన్నది! గందుకే షట్టర్ రూల్. షట్టర్...

ఆడిటర్: దానికి టర్నోవర్ పరిమితి పెట్టుకోవచ్చు. సూక్ష్మ పరిశ్రమకు కేంద్రం పెట్టిన 10 కోట్ల హద్దే...

మాజీ కార్యదర్శి: పెద్ద కంపెనీ పది చిన్న ఫర్మ్‌లు పెడతది! మీరు పుస్తకం చదివి చెప్తున్నరు, మేం బజార్ల చూసి చెప్తున్నం.

యువ వ్యాపారి: ఓటు లేకపోయినా సరే, కనీసం కమిటీలో రెండు సీట్లు...

మాజీ కార్యదర్శి: సలహా కమిటీ పెడతం. ఆలోచిస్తం.

యాంకర్: మంచి మాట! అంటే సలహా కమిటీకి పెద్దలు ఒప్పుకున్నారు...

యువ వ్యాపారి: నేను సలహా కమిటీ అడగలేదండీ.

యాంకర్: సమయం అయిపోయింది. చివరిగా ఒక్క మాటలో, అరవై దాటితే దిగాలా?

మాజీ కార్యదర్శి: ఒక్క మాటల ఎట్లొస్తది? ముందుగాల లారీల టైమింగ్ మార్చాలె. పొద్దున ఎనిమిదికి ఉస్మాన్‌గంజ్ మలుపు కాడ నిలబడి చూడుండ్రి, ఒక ట్రాలీ ఆటో అడ్డం పెడితే...

(మైకు ఆగిపోయింది)