విషయంలోంచి పుట్టే నవ్వు

శ్రోతలకు నమస్కారం. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సభలకు కొదవ లేదు. బడి వార్షికోత్సవమో, ఉద్యోగ విరమణ సన్మానమో, రైతు సదస్సో, పొదుపు సంఘం సమావేశమో, ఏదో ఒకనాడు మనలో చాలామంది మైకు ముందు నిలబడవలసి వస్తుంది. అలా నిలబడినప్పుడు సభను నవ్వించాలని ఎవరికి ఉండదు? ఆ నవ్వును ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

సాధారణంగా జరిగేది ఏమిటంటే, ఫోనులో వచ్చిన జోకునొకదాన్ని ప్రసంగానికి ముందు అతికిస్తారు. జనం నవ్వుతారు. వెంటనే వక్త "సరే, ఇక విషయానికి వద్దాం" అంటాడు. ఇంతసేపూ విషయం మాట్లాడలేదని ఆయన నోటితోనే చెప్పినట్టయింది కదా! ఇక మిగిలినది బరువైన భాగమని తెలిసిపోయి, శ్రోతలు కుర్చీల్లో వెనక్కి జారబడతారు.

మన ప్రాంతపు కథకులకు ఈ ఇబ్బంది లేదు. 1864లో అజ్జాడలో పుట్టి, 1919లో విజయనగరంలో నెలకొన్న సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసు గారు తీర్చిదిద్దిన హరికథా సంప్రదాయాన్ని చూడండి. గంటల తరబడి సాగే కథలో ఘట్టం బరువెక్కినప్పుడు హరిదాసు పిట్టకథ ఎత్తుకుంటాడు. కాని లోభం గురించి చెప్పవలసిన చోట లోభి కథే వస్తుంది. అందుకే పిట్టకథ ముగిసేసరికి శ్రోత అసలు కథకు మరింత దగ్గరగా వచ్చి ఉంటాడు. బుర్రకథలో ఈ ఏర్పాటు కంటికే కనిపిస్తుంది. నడుమ కథకుడు, చెరొక పక్క వంతలు, ఆ ఇద్దరిలో ఒకరిది హాస్యం. హాస్యం చెప్పే వంత అడిగే తిక్క ప్రశ్న చాలాసార్లు జనం మనసులో మెదిలే సందేహమే. దానికి జవాబు చెప్పడంతో కథ ఒక అడుగు ముందుకు పడుతుంది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన గురజాడ వారి 'కన్యాశుల్కం' కూడా, పసిపిల్లలను డబ్బు పుచ్చుకుని ముసలివాళ్లకు కట్టబెట్టే దురాచారాన్ని జనం పొట్ట పట్టుకుని నవ్వుతూనే అసహ్యించుకునేటట్టు చేసింది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఊళ్లో డెంగీ గురించి మాట్లాడాలనుకోండి. అత్తాకోడళ్ల జోకుతో మొదలుపెట్టవచ్చు. లేదా ఇలా అనవచ్చు: "అమ్మా, ఈ దోమకు మురుగు అంతగా నచ్చదు, నిలవున్న మంచినీళ్లు కావాలి. మూత లేని డ్రమ్ము, పెరట్లో పారేసిన కొబ్బరిచిప్ప, పాత టైరు, ఇవన్నీ దానికి అద్దె లేని ఇళ్లు. గుడ్డు పెట్టిన ఎనిమిది, పది రోజులకల్లా దాని పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. మన పిల్లలేమో పాతికేళ్లొచ్చినా ఇల్లు కదలరు." సభలో ప్రతి తల్లీ తన కొడుకును తలచుకుని నవ్వుతుంది. ఆ నవ్వు సద్దుమణగనిచ్చి, "అందుకే వారానికొకసారి డ్రమ్ము ఖాళీ చేసి, గోడలు తోమి, ఆరబెట్టాలి" అంటే, వారమే ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

నవ్వు సద్దుమణగనివ్వడం చిన్న విషయం కాదు. జనం నవ్వుతుండగానే తరువాతి వాక్యం అందుకుంటే ఆ వాక్యం ఎవరికీ వినపడదు, నవ్వూ సగంలో ఆగిపోతుంది. ముందే తాను నవ్వేయడం, "ఇప్పుడొక జోకు చెబుతాను" అని ప్రకటించడం కూడా మాటకు చేటు.

ఎవరిని చూసి నవ్విస్తున్నామన్నది నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోస్తుంది. ఉత్తరాంధ్ర యాసను వెక్కిరించి చప్పట్లు కొట్టించుకునే వక్తలు నేటికీ ఉన్నారు. "ఏటి సేత్తన్నావు" అని తన తల్లి రోజూ ప్రేమగా పలికే మాట వేదిక మీద వెటకారానికి పనికివస్తే, వెనక వరుసలో కూర్చున్న కుర్రవాడు పైకి నవ్వినా లోపల చివుక్కుమంటాడు. రేపు తాను మైకు అందుకోవడానికి జంకుతాడు. 1863లో శ్రీకాకుళం ప్రాంతపు పర్వతాలపేటలో పుట్టి, జనం పలుకుబడికి రాతలో చోటు కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారి గడ్డ మీద ఈ పని జరగడం బాధాకరం. అదే యాసలో తన వాళ్లతో తన వాడిగా మాట్లాడి నవ్వించడం వేరు. అక్కడ యాస ఎగతాళికి గురి కాదు, ఆత్మీయతను పంచుతుంది.

కొన్ని చోట్ల హాస్యం పూర్తిగా మానుకోవాలి. కిడ్నీ జబ్బుతో ఎన్నో కుటుంబాలు కుంగిపోయిన ఉద్దానం పల్లెల్లో నీటి గురించో, ఆసుపత్రి గురించో మాట్లాడేటప్పుడు చమత్కారం వెతుక్కోవలసిన పని లేదు. వినవచ్చిన వారిలో డయాలసిస్‌కు వెళ్లివచ్చిన వారు ఉండవచ్చు.

ఇక, ఎంత సిద్ధపడినా ఒక్కొక్కసారి ఎవరూ నవ్వరు. అప్పుడు "అర్థం కాలేదా?" అని అడగకుండా, జోకును విడమరచి చెప్పకుండా, అదే గొంతుతో ముందుకు సాగిపోవాలి. విషయంలోంచి పుట్టిన చమత్కారమైతే అందులో వారికి పనికివచ్చే మాట ఎలాగూ ఉంటుంది కనుక, నవ్వకపోయినా దాన్ని విని ఇంటికి వెళతారు.