మార్చిలో కార్నేషన్ గింజలు అమ్మకండి

(నల్గొండలో ఒక కాలనీ సంఘం శ్రావణమాసంలో జరిపిన మొక్కల పంపిణీ సభలో ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఉక్కపోతలో ఓపిగ్గా కూర్చున్న అమ్మలకు, అన్నలకు నమస్కారం. నాకిచ్చిన అంశం ‘ఇంటి ముందు పూలమొక్కలు’. బంతి, చామంతి గురించి మీకు నేను చెప్పేదేముంది? కార్నేషన్ గురించి మాట్లాడతాను.

పెళ్లి మండపాల్లో చూసే ఉంటారు, రేకుల అంచులు కత్తెరతో కత్తిరించినట్టుండే పువ్వు. అది ఊటీ లాంటి చల్లటి చోట్ల పాలీహౌస్‌లో, కొమ్మలు నాటి పెంచింది. గింజతో వచ్చేదానికి కాడ పొట్టి, ఏ రంగు వస్తుందో తెలీదు. కానీ లవంగం వాసన వస్తుంది చూడండీ, మండపం పువ్వులో అది వెతికినా దొరకడం కష్టం.

మన ఊళ్లో ఒక దుకాణం ఉంది, పేరు వద్దు. ఈ గింజలు మార్చిలో అమ్ముతారు. ప్యాకెట్టు మీద ‘వసంతంలో విత్తాలి’ అని ఉంటుంది. ఎవరి వసంతం? మంచు కరిగే దేశాల వసంతం! ఈ గింజ మొలవడానికి 18 నుంచి 21 డిగ్రీలు చాలు. మనకు ఉగాది పచ్చడి తినేసరికి ఫ్యాను గాలి కూడా వేడిగా కొడుతుంది. ఇదేంటయ్యా అంటే, “రాసే ఉంది కద సార్” అంటాడు. పైగా ఆ ప్యాకెట్లు వేలాడేది షట్టరు బయట, రేకుల కింద, పడమటి ఎండలో. గింజ అక్కడే సగం చస్తుంది. కొన్నవాళ్లేమో తమ చెయ్యి మంచిది కాదనుకుంటారు. అట్ల అనుకున్నవాళ్లు చేతులెత్తండి. చూశారా అధ్యక్షా, ఎంతమందో! మీ చేతుల్లో ఏ దోషమూ లేదమ్మా.

వినాయక చవితి దాటాక నారు పోయండి. ఇసుక, కొబ్బరి పీచు పొడి, బాగా చివికిన ఎరువు కలిపి, గింజ మీద పల్చగా మట్టి చల్లితే చాలు. వారం పది రోజుల్లో మొలుస్తుంది. పైన వాన పడకుండా కప్పు, పక్కల గాలి ఉండాలి. తడి ఎక్కువైతే నారు మొదలు కుళ్లి పడిపోతుంది. దసరా దాటాక ఎర్ర చల్క మట్టిలో నాటండి. నల్లరేగడి వద్దు, నీళ్లు నిలుస్తాయి. అయిదారు జతల ఆకులు రాగానే తల తుంచండి, పక్క కొమ్మలు వేస్తుంది. విత్తిన అయిదారు నెలలకు పూలు.

ఇక నీళ్లు. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టారంటే మన కష్టం ఎంతటిదో చూడండి. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి అది. మనుషుల గోస ముందు పూల గోస ఎంతలెండి. మొక్కకు మాత్రం ఉప్పు బోరు నీళ్లకన్నా పట్టి ఉంచిన వాన నీళ్లు మేలు.

మళ్లీ ఆ దుకాణానికే వస్తాను. నేనొక్కడినే చెప్తే వినడం లేదు. మనం నలుగురం కలిసి వెళ్దాం. ప్యాకెట్లు లోపల నీడలో పెట్టు, మార్చిలో కాదు, శ్రావణంలో అమ్ము అని అడుగుదాం. వచ్చేవాళ్లు సభ అయ్యాక గేటు దగ్గర ఆగండి. షాబో రకం గింజలు కొన్ని తెచ్చాను, తలా చిటికెడు ఇస్తాను. ఇయ్యాలే విత్తకండి, ఇంకా ఉక్కగా ఉంది.