రుద్రమదేవి వీపున పిన్నీసులు

(పాలకొల్లులో పద్యనాటక పోటీల ముగింపు సభలో, నాటకాలకి దుస్తులు కుట్టే ఒక దర్జీ చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకి, ఎదురుగా కూర్చున్న పెద్దలకి, సైడు వింగుల్లో మేకప్పుతో చెమటలు కక్కుతున్న నటీనటులకి నమస్కారం అండి. అందరి పేర్లూ చదవమని అధ్యక్షులుగారు చీటీ ఇచ్చారు గానీ, ఇచ్చిన పది నిమిషాలూ దానికే సరిపోతాయి. శాలువా కప్పారు, సంతోషం. కొలత తీయకుండా ఎవరికైనా సరిపోయే బట్ట ఇదొక్కటే.

చారిత్రక నాటకాల్లో ఆహార్యం, అంటే పాత్రల వేషధారణ గురించి చెప్పమన్నారు. చెబుతాను. ముందు పిన్నీసుల సంగతి తేలాలి.

రుద్రమదేవి మన నిడదవోలు కోడలండి. చాళుక్య వీరభద్రుడి భార్య. ఓరుగల్లు సింహాసనం ఎక్కిన మనిషి. ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఊళ్ళో ఆవిడ నాటకం వేశారు. ఆ వేషం కట్టినావిడది మంచి గాత్రం, నిండైన ఒళ్ళు. అద్దెకి తెచ్చిన ఎర్ర వెల్వెట్ జాకెట్టేమో ఎవరో సన్నపాటి పిల్లకి కుట్టింది. వెనక రెండంచులూ కలవలేదు. "జనానికి వీపు కనపడదు కదమ్మా" అని నిర్వాహకులు పిన్నీసులు గుచ్చించి, పైన ఉత్తరీయం కప్పించారు. నన్ను పిలిచింది కూడా తెర లేచే ముందు, ఆ పిన్నీసులు గుచ్చడానికే.

మొదటి పద్యం బాగానే గడిచింది. రెండోదాని చివర రాగం అందుకునేసరికి ఒక్కో పిన్నీసూ విడిపోవడం మొదలెట్టింది. ఆ మహాతల్లి రాగం ఆపలేదండి! కానీ కత్తి ఎత్తాల్సిన చోట మోచెయ్యి దాకా లేపి ఊరుకుంది. ముందు వరసలో వాళ్ళు "ఆహా, ఏం గాంభీర్యం" అన్నారు. ఆ రాత్రి ఆహార్యానికి బహుమతి ఎవరికిచ్చారనుకున్నారు? ఆ నాటకానికే. లైట్ల కింద వెల్వెట్టు మెరిసింది కదా మరి.

ఇప్పుడు మీరంతా కూర్చున్న చోటే రెండు చేతులూ పైకెత్తండి. సిగ్గుపడకండి, ఎన్నికల సభల్లో ఎత్తుతారుగా! బాబూ, చొక్కా ప్యాంటులోంచి బయటికొచ్చిందా? అమ్మా, జాకెట్టు కింది అంచు లేచిందా? చంక మరీ కిందికి కోస్తే జరిగేది అదే. చంక వదులుగా ఉంటే చెయ్యి బాగా ఆడుతుందనుకుంటారు. ఆడదు. చేతిముక్క అతుకు కిందికి దిగేకొద్దీ చెయ్యెత్తితే ఒళ్ళంతా లాగుతుంది. చంక రౌండు పైకి, ఒంటికి దగ్గరగా ఉంచి, చేతిముక్క వెడల్పు పెంచండి. ఇంకా చాలకపోతే చంక కింద నలుచదరం ముక్క వెయ్యండి. అప్పుడు కత్తి లేస్తుంది.

ఛాతీ కొలత మామూలుగా నిలబెట్టి తీసేసి పొమ్మంటారు. పద్యం పాడే మనిషికి అలా కాదు. రాగం తియ్యమని, ఊపిరి నిండా పట్టినప్పుడు టేపు చుట్టాలి.

ఇంకోటి. గుడ్డ కోయడానికి వాడే పాత కాగితం నమూనా తెచ్చి "సైజు పెంచు" అంటే పక్క కుట్ల దగ్గర కలిపేస్తారు. ఒళ్ళు అన్ని వైపులా ఒక్కలా పెరగదు కదండీ! భుజం ఎముక ఉన్నంతే ఉంటుంది, పొట్ట ముందుకొస్తుంది. పక్కల్లో గుడ్డ కలిపితే అంగరఖా, అదే రాజుల పొడుగు కోటు, అంచు ముందు మోకాళ్ళ పైకి లేచి, వెనక వేలాడుతుంది. నమూనాలో ముందు భాగం కాగితాన్ని పొట్ట మీదుగా అడ్డంగా కోసి, విడదీసి, ఆ సందులో ఇంకో కాగితం అంటించండి. వీపు వంగిన పెద్దాయనకైతే ఈ పని వీపు భాగంలో చెయ్యాలి, ముందు భాగం కాస్త మడవాలి. ఆ తర్వాత కోరా గుడ్డలో కచ్చాకుట్టు వేసి, తొడిగి, నడిపించి, కూర్చోబెట్టి చూడండి. వెల్వెట్టు జోలికి అప్పుడు వెళ్ళండి.

రుద్రమ అసలు వెల్వెట్టు కట్టిందా అని మాస్టారు అడుగుతున్నారు. రామప్ప గుడి 1213 నాటిది, వెళ్ళి చూడండి మాస్టారూ. అక్కడ మదనికలని నాట్యకత్తెల శిల్పాలున్నాయి, వాటి నడుములకి చుట్టి కట్టిన గుడ్డలే. మన వెల్వెట్టు నాటకాల వాళ్ళు తెచ్చుకున్న సోకు. దాంతో నాకు పేచీ లేదు.

గంట కొట్టకండి బాబూ, పాలకొల్లులో నిలబడి డచ్చివాళ్ళ మాట ఎత్తకుండా దిగమంటారా? వాళ్ళు ఇక్కడ గిడ్డంగి పెట్టుకుని మన గుడ్డలు కొన్నారు. మన కోస్తా అద్దకాలంటే ఐరోపాలో ఎంత పిచ్చంటే, ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఆడవాళ్ళు వినలేదు. గౌను పాతబడితే పారెయ్యలేదు. కుట్లు విప్పి, మళ్ళీ కోసి, కొత్త ఒంటికి కుట్టుకున్నారు. కుట్టు లోపల మార్జిన్, అంటే మిగులు గుడ్డ, ఉంది కాబట్టే కుదిరింది. ఇప్పుడు మన అద్దె దుస్తుల వాళ్ళు పావంగుళం వదిలి, మిగతాది కత్తిరించి అంచు కుట్టేసే ఓవర్‌లాక్ మిషను కొట్టేస్తున్నారు. పక్కల్లో, వీపు మధ్య అంగుళంన్నర వదలండి నాయనా, పది మంది రుద్రమలకి పనికొస్తుంది.

పరిషత్తు వారికి ఒక్కటే మనవి. వచ్చే ఏడాది ఆహార్యానికి మార్కులేసే ముందు నటుల్ని చెయ్యెత్తించి, వెనక్కి తిప్పి చూడండి. పిన్నీసు కనపడితే మార్కు కొట్టెయ్యండి.

నటులు కొలతలకి వచ్చేటప్పుడు వేదిక మీద వేసుకునే చెప్పులు, లోపల వేసుకునే బట్టలు తెచ్చుకోండి. నాటకం రోజున కాదండి, కనీసం రెండు వారాల ముందు రండి.